వణుకు తెచ్చిన మార్కులు

కండక్టరు ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో నిలబడే బతికాడు. ఆయనకంటూ ఒక సీటు లేకపోలేదు గానీ అందులో ఎప్పుడూ టికెట్ల పెట్టే కూర్చునేది. పై కడ్డీ పట్టుకోవడం ఆయన దృష్టిలో ప్రయాణికుల పని. మలుపొచ్చినా, డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు తొక్కినా, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుని రెండు చేతులతో టికెట్టు చించి ఇచ్చేవాడు. "పడతావేమోనయ్యా" అని ఎవరైనా పెద్దాయన అంటే, "పడితే మీ ఒళ్ళోనే పడతాను లెండి, నాకు టికెట్టు లేదు" అని బస్సంతా నవ్వించేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు కదలని నేల మీద ఊగుతున్నాడు.

డాక్టరు దీన్ని పార్కిన్సన్స్ జబ్బు అన్నాడు. కుడిచెయ్యి ఖాళీగా వేలాడితే చాలు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనబడని టికెట్లు చించడం మొదలుపెడతాయి. చేతి సంగతి సరే, జేబులో దాచేయొచ్చు. కాళ్ళే మోసం చేశాయి. గుమ్మం దగ్గరికి రాగానే నేలకి అతుక్కుపోతాయి. వెనక్కి తిరగబోతే ఒళ్ళు ముందు తిరుగుతుంది, కాళ్ళు తీరిగ్గా తర్వాత వస్తాయి. ఏడాదిలో మూడుసార్లు పడ్డాడు. మూడోసారి స్నానాలగదిలో పడ్డప్పుడు భార్య పనికి వెళ్ళి ఉంది. ఆవిడ వచ్చేదాకా నాలుగు గంటలు తడినేల మీదే ఉండిపోయాడు. మర్నాటి నుంచి ఆవిడ సెలవు పెట్టింది.

ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ మాస్టరు. నలభై మంది కుట్టేవాళ్ళున్న ఆ హాల్లో గుడ్డ మీద సుద్దగీత గీసే అధికారం ఆవిడ ఒక్కదానిదే. ముప్పై పొరల గుడ్డ దొంతర పెట్టి గీత తప్పకుండా కోసే చెయ్యి అది. అక్కడ ఆవిణ్ణి అందరూ మాస్టరమ్మా అని పిలుస్తారు, యజమాని కూడా. ఇంట్లో ఉండిపోయాక ఆ చెయ్యికి పని లేకుండా పోయింది. పాత పేపర్లు తీసి కాలర్లూ జేబులూ కత్తిరించి, చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ ఇంకో పేపరు తీసేది. కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనూ తిరిగేది. మొగుడు దగ్గితే పరుగెత్తుకొచ్చేది, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదా అని వచ్చేది.

"నువ్విలా నా చుట్టూ తిరుగుతుంటే నేనే కళ్ళు తిరిగి పడిపోతాను" అనేవాడు కండక్టరు.

"పడండి. పట్టుకోవడానికేగా తిరుగుతున్నాను" అనేది ఆవిడ.

రెండు నెలలు చూసి యజమాని కబురు చేశాడు. ఆరు వారాల్లో బళ్ళు తెరుస్తారు, యూనిఫారాల పని మొదలవుతుంది. ఫలానా సోమవారం తొమ్మిదిన్నరకి మాస్టరమ్మ బల్ల దగ్గర ఉంటే సరే, లేకపోతే వేరే మాస్టరు సిద్ధంగా ఉన్నాడు, ఏమీ అనుకోవద్దు. ఆవిడ ఏమీ అనుకోలేదు, ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి, ఈ సంగతి విని ఒక యంత్రం తెచ్చిపెట్టింది. నలుగురి చేతా మంచిదనిపించుకున్న పిల్ల, వీళ్ళని బాబాయ్ అనీ పిన్నీ అనీ పిలుస్తుంది. యంత్రమంటే ఇంతే: నేల మీద పెట్టే ఒక పలక, చేతికి కట్టుకునే ఒక పట్టీ. రెండూ టీవీకి తగిలిస్తే తెర మీద ఆటలు వస్తాయి. మొదటి ఆటలో పలక మీద నిలబడి ఒళ్ళు అటూ ఇటూ వాల్చాలి. దాన్నిబట్టి తెర మీద బంతి దొర్లి గుంటలో పడాలి. దానికి యాభై మార్కులు. రెండో ఆటలో పలక దిగి, పక్కకి అడుగులేస్తూ, పట్టీ కట్టిన చేత్తో గాల్లో అద్దాలు తుడవాలి. దానికీ యాభై.

"రోజూ పొద్దున్న మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి ఆడాలి బాబాయ్. అటో కుర్చీ ఇటో కుర్చీ, పక్కన పిన్ని. మార్కులు నా ఫోనుకి వచ్చేస్తాయి. రెండూ కలిపి వారం పొడుగునా అరవై అయిదుకి తగ్గకుండా తెస్తే, పగలు మిమ్మల్ని ఒంటరిగా వదలొచ్చని నేను పిన్నికి చెప్తాను" అంది.

"నిలబడ్డానికి మార్కులా? ఈ లెక్కన సర్కారు నాకు ఇరవై తొమ్మిదేళ్ళ బాకీ ఉంది" అన్నాడు కండక్టరు.

అన్నాడు గానీ మొదటిరోజు ఆ బంతి ఆయన పరువు తీసింది. కుడికి వాలితే ఎడమకి పోయినట్టు, ఎడమకి వాలితే అసలు కదలనట్టు అనిపించింది. బంతికి పన్నెండు, అద్దాలకి పద్దెనిమిది. పలక వంకరగా ఉందన్నాడు, టీవీ చిన్నదన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని భార్య కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఆయనకి రోషం వచ్చింది. మర్నాడు పదమూడు. ఆ పై రోజు పదమూడే. వారం తిరిగేసరికి పదహారు. రెండో వారం చివర బంతికి ఇరవై మూడూ అద్దాలకి ఇరవై ఏడూ వచ్చాయి, మొత్తం యాభై. మడమల్లో ఏదో పాత జ్ఞాపకం కదిలినట్టు, బస్సు మలుపు తిరుగుతున్నట్టు అనిపించింది కూడా. కానీ ఆయన లెక్క ఆయనది. ఇంకా పదిహేను కావాలి, నాలుగు వారాలే ఉన్నాయి. రాత్రి పక్కలో కూడా బంతే దొర్లుతోంది.

మూడో వారం మొదట్లో ఒక పొద్దున, మాత్ర వేసుకోవడం ఇద్దరూ మరిచిపోయారు. గ్యాసు అయిపోయి ఆవిడ ఆ గొడవలో ఉంది. ఆయన ఒక్కడే ఆటకి దిగాడు. బంతి ఆట అఘోరించింది, పదిహేను. అద్దాలాటకి పట్టీ కట్టుకుని, ఇంకా మొదలుపెట్టకుండా చెయ్యి కిందికి వేలాడేసి ఊపిరి తీసుకుంటున్నాడు. మాత్ర పడని చెయ్యి కదా, విజృంభించింది. వేళ్ళు టికెట్లు చించుతున్నాయి, మణికట్టు ఊగుతోంది. తెర మీద చూస్తే అద్దం తళతళలాడుతోంది! ఇంకో అద్దం వచ్చింది, అదీ మెరిసింది. ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగానే అద్దాలన్నీ వాటంతటవే శుభ్రమైపోయి, బాకా ఊదినట్టు సంగీతం వచ్చింది. యాభైకి యాభై.

యంత్రానికి పాపం చెయ్యి కదిలిందా లేదా అన్నదే తెలుసు, ఎందుకు కదిలిందో దానికెవరు చెప్తారు? చచ్చీ చెడీ తుడిస్తే ఇరవై ఏడు, ఊరికే నిలబడితే యాభై. మొత్తం అరవై అయిదు, గీత మీద సరిగ్గా.

వంటింట్లోంచి ఆవిడ బాకా విని వచ్చింది. "ఏమిటండీ అది?"

"అరవై అయిదు" అన్నాడు. ఆవిడ మొహం చూశాక ఇంకేమీ అనలేకపోయాడు. రెండు నెలలుగా ముడుచుకుపోయిన ఆ మొహం విప్పారింది.

అక్కడే చెప్పేసి ఉంటే కథే లేదు. చెప్పలేదు. మర్నాడు పొద్దున మాత్రని నాలిక కింద పెట్టుకుని నీళ్ళు తాగి, ఆవిడ అటు తిరగ్గానే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మింగననడం లేదు, ఆట అయ్యాక మింగుతున్నాడు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన బస్సు బస్సు కాకుండా పోతుందా అని తనకి తాను చెప్పుకున్నాడు. "నువ్వు పక్కనుంటే నాకు చెయ్యీ కాలూ ఆడవు, వంటింట్లోకి ఫో" అని భార్యని తరిమేశాడు. ఆవిడ పాపం అక్కడ నిలబడి బాకా కోసం చెవులు రిక్కించేది.

మాత్ర లేని కాళ్ళతో పలక ఎక్కడం ఎలాంటి పనో ఆయనకి తెలుసు. ఒకరోజు కుర్చీ వీపు పట్టుకుని వేలాడాడు. ఒకరోజు వెనక్కి తూలి గోడకి ఆనాడు. బంతి మార్కులు పదిహేనుకీ పదహారుకీ మధ్యే కొట్టుకుంటున్నాయి, ఒకటీ అరా తగ్గితే కుర్చీ పట్టుకుని లాక్కొస్తున్నాడు. అద్దాలు మాత్రం యాభైకి తగ్గడం లేదు. దేని మీద అసహ్యం పెంచుకున్నాడో ఆ వణుకే ఇప్పుడు ఇంట్లో సంపాదనపరుడు. ఆయనకి మాత్రం కుదురు పోయింది. పేపరు చదవబోతే అక్షరాలు నిలవవు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచాడో తెలియదు. పొద్దున బాకా మోగేదాకా ఒక బెంగ, మోగాక ఇంకో బెంగ.

నాలుగు వారాలు గడిచాయి. శుక్రవారం ఫిజియో ఫోను చేసింది.

"అదరగొట్టేశారు బాబాయ్! వరసగా నాలుగు వారాలు అరవై అయిదుకి తగ్గలేదు. నేనే ఒకసారి నిలబెట్టి చూడాలి గానీ ఇక్కడ పదిహేను రోజుల దాకా ఖాళీ లేదు. మార్కులు చూశాక నాకేం అనుమానం లేదు. పిన్నిని సోమవారం వెళ్ళమనండి."

భార్య ఫోనుకి దణ్ణం పెట్టినంత పని చేసింది. కత్తెర తీసి నూనె రాసింది. చీరలు రెండు ఇస్త్రీ చేసి, ఏది కట్టుకోవాలో తేలక మూడోదీ చేసింది. ఆదివారం పొద్దున చెప్పు తెగిపోయి ఉందని చూసుకుని, కుట్టించుకురావడానికి వీధి చివరికి వెళ్ళింది. "పావుగంటలో వస్తాను. ఇదే మీకు రిహార్సలు" అని నవ్వుతూ తలుపు దగ్గరికి వేసి పోయింది.

ఆయనకి దాహం లేదు. అయినా లేచి మంచినీళ్ళకి బయల్దేరాడు, తనకి తాను చూపించుకోవాలని. వంటింటి గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. రెండు పాదాలూ గచ్చులో పోతపోసినట్టున్నాయి. "రైట్ రైట్" అనుకున్నాడు పైకే. కదల్లేదు. ఒళ్ళు మాత్రం ముందుకి వంగుతోంది. మెట్ల మీద చప్పుడు వినబడి, ఆవిడేనేమోనని చటుక్కున తిరగబోయాడు. భుజం వెళ్ళి తలుపు చెక్కకి ధడాలున కొట్టుకుంది. మోకాళ్ళ మీదికి జారి, తలుపు పట్టుకుని, ఎలా లేచాడో లేచి స్టూలు మీద పడ్డాడు. మెట్ల మీద పోయింది ఎవరో పై అంతస్తు వాళ్ళు. ఆవిడ వచ్చేసరికి దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుని ఉన్నాడు.

"చూశారా, పావుగంట కూడా పట్టలేదు! ఏం చేశారు నేను లేనప్పుడు?"

"కూర్చున్నాను" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆవిడ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే రేపు తొమ్మిది నుంచి ఆరు దాకా ఆ గుమ్మమూ తనూ.

సోమవారం ఎనిమిదిన్నరకల్లా ఆవిడ తయారైపోయింది. ఫ్లాస్కులో నీళ్ళు, మంచం పక్కన ఫోను, బల్ల మీద మూత పెట్టిన అన్నం. ప్రతిదీ రెండుసార్లు సర్దింది. చెప్పులు వేసుకుని, వెనక్కి వచ్చి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

"నా కోసమే మీరింత కష్టపడ్డారు. నాకు తెలుసు" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ మెచ్చుకోలు ఆయనకి కొత్త. కూరలో ఉప్పు సరిపోయిందంటే "సరిపోక చస్తుందా" అనే మనిషి. ఆ మాట ఆయన మింగలేకపోయాడు. అలాగని ఉన్నట్టుండి ధర్మరాజైపోయాడనీ కాదు. నిజం చెప్పాలంటే ధర్మం కన్నా ఆ గుమ్మం భయమే ఎక్కువ. రెండూ కలిసి నోరు తెరిపించాయి.

"ఆగు. ఆ మార్కులు నావి కావు."

"మీవి కాక, ఎదురింటాయనవా?"

"నా వణుకువి."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన నోటితో చెప్పలేక టీవీ పెట్టమన్నాడు. పట్టీ కట్టుకుని, కుర్చీలో కూర్చుని, చెయ్యి పక్కకి వేలాడేశాడు. లేవలేదు, ఒక్క అడుగూ వెయ్యలేదు. తెర మీద అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి తళతళలాడాయి. బాకా మోగింది. యాభైకి యాభై. తర్వాత ఎడంచేత్తో జేబులోంచి పొద్దుటి మాత్ర తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ ఆ మాత్రనీ తెరనీ చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు వారాలు."

"మాత్ర లేకుండా ఆ పలక ఎక్కుతున్నారా? రోజూ? నేను అక్కడ పప్పు ఉడికిస్తూ, ఆ దిక్కుమాలిన బాకా వింటూ ఇదైపోతుంటే?"

"నీ ఉద్యోగం కోసమే..."

"నా ఉద్యోగం పేరెత్తకండి!" అని అరిచింది. "పడి తల పగిలితే నేనెవరికోసం కత్తెర పట్టుకోను? నాకు చెప్తే నేనేమైనా కొరికేదాన్నా? ఆ పిల్లకి చెప్తే వేరే దారి చూసేది కదా? పెద్ద తెలివైనవాళ్ళు మీరు. ముప్పై ఏళ్ళు టికెట్టు లేనివాళ్ళని పట్టుకుని దించారే, మీరే టికెట్టు లేకుండా ఎక్కి కూర్చుంటారా?"

ఆవిడ గది ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగుసార్లు నడిచింది, చెప్పులతోనే. తొమ్మిదైంది. అప్పుడు యజమానికి ఫోను చేసింది. కండక్టరుకి ఆవిడ మాటలే వినబడుతున్నాయి.

"నేనేనండీ... రాలేకపోతున్నాను... లేదండీ, ఇవాళే కాదు... అవునండీ, ఆ వేరే మాస్టర్నే పిలిపించండి... అయ్యో, మీరేం చేస్తారు, మీరు చెప్పిన గడువేగా... నీలం గుడ్డ ఒకసారి తడిపి ఆరబెట్టాకే కొయ్యమనండి, అది కుదించుకుపోతుంది. మర్చిపోతాడేమో, చెప్పండి."

ఫోను పెట్టేసి గోడ కేసి తిరిగి నిలబడింది. కండక్టరుకి ఏడుపు వచ్చింది. ఆవిడ ఇటు తిరగకముందే కళ్ళు తుడుచుకోవాలని చెయ్యెత్తితే అది మాట వినలేదు.

తర్వాత ఆవిడే ఫిజియోకి చేసి అంతా చెప్పి, ఆయనకీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదీ ఉంది పిన్నీ" అంది ఆ అమ్మాయి. "నేను మొత్తమే చూశాను, విడివిడిగా చూడలేదు. ఇప్పుడు తెరిచాను. బాబాయ్, అద్దాల సంగతి వదిలేయండి. బంతిదే అసలు మార్కు. మొదటి రెండు వారాల్లో పన్నెండు నుంచి ఇరవై మూడుకి వచ్చారు మీరు. ఇంత తొందరగా పెరగడం నేను ఎక్కువమందిలో చూడలేదు. అదే ఊపులో మాత్ర వేసుకుని ఆడి ఉంటే ఈ ఆరు వారాలకీ..." ఆగిపోయింది. "సరే. పలక మీకే ఉంచుతాను. మాత్ర మాత్రం మానొద్దు బాబాయ్."

చెప్పకుండా వదిలేసిన మిగతా సగం ఇద్దరికీ వినబడింది. ఆయన వేళ్ళ మీద లెక్క కట్టాడు. వారానికి అయిదేసి, నాలుగు వారాలు. బంతికి నలభై పైన వచ్చేది. ఈపాటికి ఆవిడ తన బల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని ఉండేది, ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి ఉండేవాడు. వాలిన ప్రతిసారీ కాలు నేర్చుకుంటూనే ఉంది. నేర్చుకుంటున్న కాలిని మూల కూర్చోబెట్టి, వణికే చేతికి పెత్తనం ఇచ్చాడు.

"మాత్ర" అంది ఆవిడ, నీళ్ళు పట్టుకొచ్చి. ఆయన మింగాడు. "నోరు తెరవండి." తెరిచాడు. "నాలిక ఎత్తండి." ఎత్తాడు.

ముప్పావుగంట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా గడియారం చూశారు. ఆవిడ ఇస్త్రీ చీర మార్చుకోలేదు. తర్వాత లేచి, అటో కుర్చీ ఇటో కుర్చీ వేసి, చేతిపట్టీ తీసి డబ్బాలో పెట్టేసింది. "బంతి ఒక్కటే" అంది.

ఆయన పలక ఎక్కాడు. వాలాడు. బంతి సగం దూరం వెళ్ళి పక్కకి జారిపోయింది. మళ్ళీ వాలాడు. ఆట ముగిసేసరికి పద్నాలుగు. రెండు వారాలు కష్టపడి సంపాదించింది కూడా పోయింది.

ఆవిడ వంటింటి వైపు అడుగు వేసింది.

"వెళ్ళకు" అన్నాడాయన, కంగారుగా. "ఇక్కడే నిలబడు. నువ్వు లేకపోతే నేను మళ్ళీ దొంగపని చేస్తాను. నన్ను నమ్మకు."

"ఎక్కడికి పోతాను?" అంది ఆవిడ. "ఉద్యోగమా, సద్యోగమా?"

ఆ మాట ఆయనకి తగలవలసిన చోటే తగిలింది. ఆవిడ వచ్చి ఆయన వెనక, ముట్టుకోకుండా, పడితే అందేంత దూరంలో నిలబడింది. చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. తెర మీద కొత్త బంతి వచ్చి ఆగింది. ఆయన కుడికాలి మీదికి బరువు మార్చాడు.